చేరింది ఒక్క కోలన్: కమాండ్ లైన్ ఆప్షన్ల ప్యాచ్‌ను చదివే తీరు

ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు చేరితే రెండోది, 17.75కు చేరితే మూడోది జారీ అవుతాయి. వరదల నెలల్లో లంక గ్రామాల్లో ఈ మూడు అంకెలు తెలియని ఇల్లు ఉండదు. గేజి రీడింగులున్న ఫైలును చదివి, తనకు చెప్పిన హద్దును మట్టం దాటగానే ఫోన్లకు సందేశం పంపే చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఒకటి ఉందని ఊహిద్దాం. హద్దు ఎంతో -ఎల్ అనే ఆప్షన్‌తో, అంటే కమాండు పక్కన హైఫన్‌తో రాసే సూచనతో, చెప్పాలి, ఆ తరువాత ఫైలు పేరు ఇవ్వాలి. ఈ ప్రోగ్రాంకు ఒక ప్యాచ్, అంటే కోడ్‌లో మార్పు ప్రతిపాదన, వచ్చింది. -ఎల్ పక్కన అంకె ఏదీ ఇవ్వకపోతే దానంతట అదే రెండో హెచ్చరిక మట్టాన్ని, అంటే 13.75ను, తీసుకోవాలన్నది ప్యాచ్ రాసినవారి కోరిక. కోరికలో తప్పు లేదు.

సీ భాషలో ఆప్షన్లను విడదీసే గెట్‌ఆప్ట్ అనే ఫంక్షన్‌కు ఏయే అక్షరాలు ఆప్షన్లో ఒక వరుసగా రాసి ఇస్తారు. అక్షరం పక్కన ఒక కోలన్ ఉంటే ఆ ఆప్షన్‌కు విలువ తప్పనిసరి. రెండు కోలన్లు ఉంటే, గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వారు చేర్చిన వెసులుబాటు ప్రకారం, విలువ ఇచ్చినా సరే, ఇవ్వకున్నా సరే. కాబట్టి పాత, కొత్త కోడ్‌ల మధ్య తేడాను చూపే డిఫ్‌లో ప్రధానంగా కనబడేది అదనంగా చేరిన ఒక్క కోలన్. కంపైలర్ ఏమీ అనదు, పాత పరీక్షలు కూడా నెగ్గవచ్చు. చదివేవారికి ఆమోదించడానికి అరనిమిషం చాలదా అనిపిస్తుంది.

అయితే విలువ ఐచ్ఛికమైన క్షణం నుంచి దాన్ని ఆప్షన్‌కు అతికించి రాయడమే మార్గం. మధ్యలో ఖాళీ వదిలి '-ఎల్ 11.75' అని రాస్తే, -ఎల్ విలువ లేకుండా వచ్చిందని గెట్‌ఆప్ట్ భావిస్తుంది, 11.75 ఒక ఫైలు పేరుగా మారిపోతుంది. ఆ పేరుతో ఫైలు లేదని ప్రోగ్రాం ఒక ఫిర్యాదు ముద్రించి, తరువాతి ఫైలుకు వెళ్లి, 13.75 హద్దుతో తన పని తాను చేసుకుపోతుంది. రాత్రిపూట గంటకోసారి నడిచే స్క్రిప్టులో ఆ ఫిర్యాదు ఎవరూ తెరవని లాగ్ ఫైలులో పడి ఉంటుంది. 11.75కూ 13.75కూ మధ్య ఉన్న రెండు అడుగులు పశువులను గట్టు మీదికి తోలుకోవడానికి లంకవాసులకు దొరికే వ్యవధి. ఆ వ్యవధి అంతటా ఫోను మోగదు.

డెల్టాలో సాగునీటి భాష తెలిసినవారికి దీన్ని వివరించడం తేలిక. బ్యారేజీ దగ్గర తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు వదిలే నీటిలో చేసే చిన్న సర్దుబాటు హెడ్ దగ్గర పెద్దగా తెలియదు. పంట కాలువలు, బోదెలు దాటి శివారు భూములకు చేరేసరికి అదే సర్దుబాటు దాళ్వా చేను తడుస్తుందా ఎండుతుందా అన్నదాన్ని తేలుస్తుంది. ప్రోగ్రాంలో ఆప్షన్లను చదివే భాగం హెడ్ స్లూయిస్ వంటిది. దాని శివారు ఎక్కడెక్కడ ఉందో ప్రాజెక్టు నడిపేవారికి కూడా తెలియదు. వేరొకరి స్క్రిప్టులు, లైనక్స్ పంపిణీల ప్యాకేజీలు, సర్వర్లను లేపే సర్వీసు ఫైళ్లు, కాలేజీ ల్యాబ్ మాన్యువళ్లు, ఎవరో ఉద్యోగం మానేసి వెళ్లే ముందు రాసిపెట్టిన, నిర్ణీత వేళకు కమాండును నడిపే క్రాన్ వరుసలు, ఇవన్నీ శివారే. లోపలి ఫంక్షన్ పేరు మారితే దాన్ని పిలిచే చోట్లన్నీ అదే ప్రాజెక్టులో వెతికి పట్టుకోవచ్చు. ఆప్షన్ ప్రవర్తన మారితే వెతకడానికి చోటంటూ ఉండదు. అందుకే ఇటువంటి ప్యాచ్‌లో డిఫ్ చూపే వరుసల కంటే డిఫ్‌లో లేని వరుసలను ఎక్కువగా చదవవలసి వస్తుంది.

ఈ ఒప్పందంలో కొంత భాగం లిఖితంగానే ఉంది. ఏటీ అండ్ టీ సంస్థ 1985లో గెట్‌ఆప్ట్ సోర్స్ కోడ్‌ను అందరికీ బహిరంగంగా ఇచ్చింది. ఆ తరువాత యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడిదైన పోసిక్స్ ప్రమాణం ఆప్షన్ల మర్యాదను 14 మార్గదర్శకాలుగా కూర్చింది. ఒంటి అక్షరం ఆప్షన్లను ఒకే హైఫన్ వెనుక గుదిగుచ్చవచ్చు, ఆప్షన్లన్నీ ఫైలు పేర్ల కంటే ముందు రావాలి, జంట హైఫన్ ఒంటరిగా వస్తే అక్కడితో ఆప్షన్లు ముగిసినట్టు, ఒంటి హైఫన్ ఫైలు పేరు స్థానంలో వస్తే ప్రామాణిక ఇన్‌పుట్ అన్నట్టు. గ్నూ లైబ్రరీ రెండో నియమాన్ని సడలించి, ఫైలు పేర్ల తరువాత వచ్చిన ఆప్షన్లను కూడా ఏరి ముందుకు తెస్తుంది. ఒక ప్రోగ్రాం ఈ రెండు పద్ధతుల్లో ఒకదాని నుంచి మరొకదానికి మారితే, ఏదో ఒక వర్గం స్క్రిప్టులు తప్పకుండా దెబ్బతింటాయి. ముఖ్యంగా తన వెనుక మరో కమాండును నడిపే ప్రోగ్రాంలలో, ఆ లోపలి కమాండుకు చెందవలసిన ఆప్షన్‌ను బయటి ప్రోగ్రాం మింగేస్తుంది.

లిఖితం కాని భాగం ఇంకా పెద్దది. అందులో కురచ రూపాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పొడవు పేర్ల ఆప్షన్లను మొదటి కొన్ని అక్షరాలతోనే రాసినా, అది వేరే దేనితోనూ కలవనంతవరకు, గ్నూ గెట్‌ఆప్ట్ లాంగ్ ఒప్పుకుంటుంది. '--వెర్షన్' ఒక్కటే ఉన్న ప్రోగ్రాంకు '--వెర్' అని రాసినా చాలు. రేపు ఎవరో '--వెర్బోస్' అనే కొత్త ఆప్షన్ చేరుస్తారు. పాత ఆప్షన్లను ఎవరూ ముట్టుకోలేదు, డిఫ్ నిండా కూడిక గుర్తులే. అయినా నిన్నటిదాకా నడిచిన '--వెర్' నేడు సందిగ్ధం అనే దోషంతో ఆగిపోతుంది. అంటే కొత్తది చేర్చడం ఎప్పుడూ నిరపాయం అన్న నమ్మకం ఇక్కడ చెల్లదు. పైథాన్ భాషలో ఆప్షన్లను చదివే ఆర్గ్‌పార్స్ కూడా మామూలుగా కురచ రూపాలను అనుమతిస్తుంది. దాన్ని ఆపే వీలు 3.5 వెర్షన్‌తో వచ్చింది, కానీ 3.8కు ముందు ఆ మీట నొక్కితే ఒంటి అక్షరాల ఆప్షన్లను గుదిగుచ్చే సౌకర్యం కూడా పోయేది. కాబట్టి ఆ మీట నొక్కే ప్యాచ్ వస్తే ప్రాజెక్టు ఏ పైథాన్ వెర్షన్ల మీద నడుస్తుందో అడగడం చాదస్తం అనిపించుకోదు. కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ ప్రాజెక్టు 2019లో తన పరీక్షల్లో ఎక్కడైనా కురచ రూపం వాడితే పరీక్ష విఫలమయ్యే ఏర్పాటు చేసుకుంది; తమ పరీక్షలే తమ కొత్త ఆప్షన్లకు అడ్డుపడకూడదన్న ముందుచూపు అది. పేరు మార్చే ప్యాచ్‌లకు మాత్రం ఒక ఊరట ఉంది. పాత పేరు, కొత్త పేరు రెండూ ఒకే అంతర్గత విలువకూ, ఒకే తరహా విలువ నియమానికీ ముడిపడి ఉంటే, రెండింటికీ సరిపోయే కురచ రూపాన్ని గ్నూ లైబ్రరీ సందిగ్ధంగా లెక్కించదు.

ఆప్షన్ దొరికాక దాని విలువను చదవడం రెండో ఘట్టం. ఇక్కడ పొరపాట్లు పాతవే, అయినా ప్రతి ప్రాజెక్టులోనూ మళ్లీ పుడుతుంటాయి. సీ భాషలోని ఏటూఐ ఫంక్షన్‌కు 11.75 ఇస్తే 11 వస్తుంది, మిగిలినదాని గురించి అది నోరు విప్పదు. అక్షరాలు ఇస్తే 0 వస్తుంది; మట్టం ఎప్పుడూ సున్నా కంటే ఎక్కువే కాబట్టి ప్రోగ్రాం ఏడాది పొడవునా వరద హెచ్చరికలు పంపుతుంది. దశాంశాలు చదివే స్ట్ర్‌టీవోడీకి మార్చి, చదవడం ఎక్కడ ఆగిందో చూపే పాయింటర్‌ను పరీక్షించారా అని చూడాలి. అంతటితో సరిపోదు. ఆ ఫంక్షన్ 'నాన్' అనే మాటను కూడా చెల్లుబాటయ్యే విలువగా స్వీకరిస్తుంది. నాన్ అంటే సంఖ్య కానిది. ఏ మట్టాన్ని దానితో పోల్చి దాటిందా అని అడిగినా జవాబు లేదు అనే వస్తుంది, ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులున్నా హెచ్చరిక వెళ్లదు. పూర్ణాంకాలు చదివే స్ట్ర్‌టీవోఎల్‌కు ఆధారాన్ని సున్నాగా ఇస్తే, సున్నాతో మొదలయ్యే అంకెలను అది అష్టమాన పద్ధతిలో చదువుతుంది. '--గంట 07' అన్నది ఏడుగానే వస్తుంది. '--గంట 08' దగ్గర సున్నాను చదివి ఎనిమిది దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే అష్టమానంలో ఎనిమిది అనే అంకె లేదు. ఏడు గంటల రీడింగుతో పరీక్షించి తృప్తిపడిన ప్యాచ్ ఎనిమిది గంటల రీడింగుకు అర్ధరాత్రి లెక్క చెబుతుంది.

రుణ సంఖ్యలకు వేరే చిక్కు ఉంది. తీరం దగ్గరి గేజిలకు ఆటుపోట్ల సవరణగా '--సవరణ -0.5' అని ఇవ్వవలసి రావచ్చు. అది విలువా, మరో ఆప్షనా? ప్రోగ్రాంలో రుణ సంఖ్యలా కనబడే ఆప్షన్ ఏదీ లేకపోతే ఆర్గ్‌పార్స్ దాన్ని విలువగానే తీసుకుంటుంది. ఎవరో సరదాపడి '-1' అనే ఆప్షన్‌ను చేర్చారంటే ఆ ఉదారత పోతుంది, '-0.5' తెలియని ఆప్షన్ అయి కూర్చుంటుంది. '--సవరణ=-0.5' అని సమాన గుర్తుతో అతికించి రాసినవారికి మాత్రమే రక్షణ.

సీ భాషలో మరొకటి, కేవలం ఒక్క మాట విషయం. గెట్‌ఆప్ట్ తన పని ముగిసిందని -1 తిరిగి ఇవ్వడం ద్వారా చెబుతుంది. ఆ ఫలితాన్ని ఇంట్ రకంలో కాకుండా క్యార్ రకంలో దాచుకుంటే మామూలు ఇంటెల్ కంప్యూటర్ మీద అంతా సవ్యంగానే నడుస్తుంది. ఆర్మ్ ప్రాసెసర్ల మీద లైనక్స్‌లో క్యార్ సాధారణంగా ధన సంఖ్యలనే పట్టి ఉంచుతుంది, -1 అక్కడ 255 అవుతుంది, లూప్ ఎప్పటికీ ముగియదు. కాలువ గట్టున గేజి పక్కన డబ్బాలో పెట్టే రాస్ప్‌బెర్రీ పై ఆర్మ్ యంత్రమే.

ఇవన్నీ ప్రోగ్రాం పనిచేయకపోవడం వరకు ఆగే తప్పులు. ఆప్షన్ల విశ్లేషణలో తప్పు దొంగకు తాళంచెవి అయిన సందర్భాలు కూడా ఉన్నాయి. వాటిలో ఎక్కువ నేర్పేది సుడో ఉదంతం.

సుడో అనేది యూనిక్స్ తరహా వ్యవస్థల్లో సాధారణ వాడుకరికి నిర్ణీత అధికారాలను అప్పగించే ప్రోగ్రాం. ఫైళ్లను దిద్దడానికి దాన్ని '-ఈ' ఆప్షన్‌తో పిలవవచ్చు, లేదా సుడోఎడిట్ అనే మరో పేరుతో పిలవవచ్చు. రెండింటి అర్థం ఒకటే కావాలి. '-ఈ' దారిలో, దిద్దే పద్ధతికి ఏ అదనపు ఆప్షన్లు చెల్లుతాయో ఆ జాబితాను కోడ్ కుదించేది; అందువల్ల కమాండులను స్వీకరించి నడిపే షెల్‌ను తెరవమనే '-ఎస్'ను దానితో కలిపితే వాడుక దోషం అని ఆగిపోయేది. సుడోఎడిట్ పేరుతో వచ్చే దారిలో పద్ధతిని మార్చారు గాని ఆ జాబితాను కుదించలేదు. దాంతో 'సుడోఎడిట్ -ఎస్' అనే, ఎవరూ ఊహించని కలయిక లోపలికి ప్రవేశించింది. ఇక్కడిదాకా ఇది చిన్న అశ్రద్ధ. అసలు ప్రమాదం రెండో ఫైలులో ఉంది. షెల్ పద్ధతిలో వచ్చిన మాటల్లోని ప్రత్యేక అక్షరాల ముందు బ్యాక్‌స్లాష్ చేర్చే పని ఒకచోట జరుగుతుంది, వాటిని తొలగించే పని మరొకచోట జరుగుతుంది. చేర్చే చోట షరతు కమాండు నడిపే పద్ధతికే పరిమితం. తొలగించే చోట షరతు దిద్దే పద్ధతిని కూడా కలుపుకుంది. ఫలితంగా ఎవరూ చేర్చని బ్యాక్‌స్లాష్‌ను తొలగించే కోడ్ నడిచింది. మాట చివర ఒంటరి బ్యాక్‌స్లాష్ ఉంటే అది మాట ముగింపు గుర్తును కూడా దాటి, పక్క మెమొరీని కాపీ చేస్తూ, కేటాయించిన చోటును మించి రాసేసింది. 2011 జులైలో ప్రవేశించిన ఈ లోపం 2021 జనవరిలో, భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2021-3156గా వెల్లడై, 1.9.5పీ2 వెర్షన్‌లో సరి అయింది. దాన్ని వాడుకోవడానికి దాడి చేసేవారి ఖాతాకు సుడో అనుమతి ఉండవలసిన అవసరం కూడా లేదు.

తొమ్మిదేళ్లకు పైగా అంతటి ప్రసిద్ధ ప్రోగ్రాంలో ఇది ఎలా దాగింది? రెండు ముక్కలనూ విడివిడిగా చదివితే దేనిలోనూ దోషం కనబడదు కాబట్టి అని చెప్పుకోవాలి. తొలగించే కోడ్ ముందు ఎవరో చేర్చి ఉంటారని నమ్మింది. చేర్చే కోడ్ తన పద్ధతి తప్ప వేరే పద్ధతిలో ఆ ఆప్షన్ రాదని నమ్మింది. అందువల్ల ఆప్షన్ల కలయికను మార్చే ఏ ప్యాచ్ వచ్చినా, ఆ ఆప్షన్ గుర్తును ప్రాజెక్టు మొత్తం మీద వెతికి, దాన్ని చదివే ప్రతి షరతునూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకే పనికి రెండు దారులుంటే రెండింటినీ ఒకే చోట కలిపే మార్పును కోరడం ఇంకా మేలు.

నమ్మకం ఎంత ప్రాథమిక స్థాయిలో ఉండవచ్చో, సుడోలాగే వేరే వాడుకరి అధికారంతో కమాండు నడిపే పీకేఎగ్జెక్ ఉదంతం చూపింది. తనకు అందే మాటల జాబితాలో కనీసం ప్రోగ్రాం పేరైనా ఉంటుందని భావించి దాని లూప్ ఒకటో స్థానం నుంచి మొదలయ్యేది. జాబితాను పూర్తి ఖాళీగా ఇచ్చి నడిపితే ఒకటో స్థానంలో ఉండేది పర్యావరణ చరరాశి, అంటే ప్రోగ్రాంకు విడిగా అందే అమరిక. 2009 నుంచి ఉన్న ఈ లోపం 2022 జనవరిలో సీవీఈ-2021-4034గా బయటపడింది.

మూడో రకం, సమాచారమే ఆప్షన్ వేషం వేయడం. ఫోల్డర్‌లో '-ఆర్‌ఎఫ్' అనే పేరుతో ఫైలు ఉంటే, అక్కడ అన్నిటినీ తొలగించమని నక్షత్రం గుర్తుతో చెప్పినప్పుడు ఆర్‌ఎం కమాండు దాన్ని ఆప్షన్‌గా తీసుకుంటుందన్నది తరతరాలుగా చెప్పుకునే సంగతే. 2017లో గిట్‌లో ఇదే తీవ్రంగా బయటపడింది. దూరపు యంత్రానికి కలిపే ఎస్‌ఎస్‌హెచ్ చిరునామాలో యంత్రం పేరు స్థానంలో హైఫన్‌తో మొదలయ్యే మాట ఇస్తే, గిట్ దాన్ని అలాగే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాంకు అందించేది, అది దాన్ని ఆప్షన్‌గా చదివి దాడి చేసేవారు చెప్పిన కమాండును నడిపేది. గిట్ వంటి పనే చేసే మెర్క్యూరియల్, సబ్‌వెర్షన్‌లలో కూడా అదే సమస్య తేలింది. వేరే ప్రోగ్రాంను పిలిచే ప్యాచ్‌లో, బయటి నుంచి వచ్చిన మాటకు ముందు జంట హైఫన్ ఉందా అని చూడడం అలవాటు కావాలి. జంట హైఫన్‌కు అప్పటికే వేరే అర్థం ఉన్న గిట్ వంటి ప్రోగ్రాంలలో అది సరిపోదు. అక్కడ కమిట్ల పేర్లను ఫైలు పేర్ల నుంచి వేరు చేసేది అదే. అందుకే గిట్ 2.24లో ఆప్షన్లు ముగిశాయని చెప్పడానికే వేరొక ఆప్షన్ రావలసి వచ్చింది.

హైఫన్‌ను పట్టుకునే తనిఖీ కూడా ఎక్కడ జరుగుతుందన్నది ముఖ్యం. వెబ్ అభ్యర్థన నుంచి ఆప్షన్లు లోపలికి జారే లోపాన్ని, వెబ్ సర్వర్ కోసం పీహెచ్‌పీ భాషను నడిపే పీహెచ్‌పీ సీజీఐలో 2012లో పూడ్చారు. 2024లో అది మళ్లీ తెరుచుకుంది: విండోస్‌లో కొన్ని భాషల అమరికల కింద, కంటికి కనబడని మెత్తని హైఫన్ అనే వేరే అక్షరాన్ని, తనిఖీ దాటిన తరువాత, వ్యవస్థ మామూలు హైఫన్‌గా మార్చేది. దీనికి తిరగబడిన రూపం ఇళ్లలోనే కనబడుతుంది. వర్డ్ డాక్యుమెంట్‌లో టైపు చేసిన జంట హైఫన్ పొడవు గీతగా మారి, అక్కడి నుంచి కాపీ చేసిన కమాండులో ఆప్షన్ కాస్తా ఫైలు పేరు అవుతుంది. అటువంటి గీతతో మొదలయ్యే మాట వస్తే గుర్తుపట్టి చెప్పే దోష సందేశం ఉంటే కొత్తగా నేర్చుకునేవారికి ఒక సాయంత్రం మిగులుతుంది.

దోషం వచ్చినప్పుడు ప్రోగ్రాం తిరిగి ఇచ్చే అంకె గురించి తక్కువమంది పట్టించుకుంటారు. ఫైళ్లలో మాటలను వెతికే గ్రెప్ వంటి ప్రోగ్రాంలలో 0 అంటే దొరికింది, 1 అంటే దొరకలేదు, 2 అంటే ఇబ్బంది వచ్చింది. మన ఊహా ప్రోగ్రాంలో 1 అంటే మట్టం హద్దు దాటలేదు అని అర్థం ఉంటే, తప్పు ఆప్షన్‌కు కూడా 1 తిరిగి ఇచ్చే ప్యాచ్ 'వరద లేదు' అని అబద్ధం చెప్పినట్టే. సహాయ పాఠం అడిగి పొందితే 0, ప్రామాణిక అవుట్‌పుట్. తప్పు చేసి పొందితే వేరే అంకె, దోష సందేశాలకు విడిగా ఉండే అవుట్‌పుట్, అంటే దోషాల దారి. ఇక పాతదాన్ని వదిలించుకునే ప్యాచ్‌లు. 2007 నుంచే కాలం చెల్లినవిగా ప్రకటించిన ఈగ్రెప్, ఎఫ్‌గ్రెప్ కమాండులు 2022లో గ్నూ గ్రెప్ 3.8 నుంచి దోషాల దారిలో ఒక హెచ్చరిక ముద్రించడం మొదలుపెట్టాయి. పదిహేనేళ్లు ఆగినా, ఆ దారి ఖాళీగా ఉండాలని ఆశించే స్క్రిప్టులకు ఒక్క వరుస హెచ్చరికే అడ్డంకి అయింది.

మొదటి ప్యాచ్ దగ్గరికి వస్తే, దాన్ని తిరస్కరించవలసిన పని లేదు. -ఎల్ పక్కన ఒకే కోలన్ ఉంచి, రెండో హెచ్చరిక మట్టాన్ని కోరేవారికి '--రెండో' అనే ప్రత్యేక ఆప్షన్ పెట్టమని సూచించవచ్చు. '-ఎల్ 11.75' అని విడిగా రాసిన రూపానికీ, '-ఎల్11.75' అని అతికించిన రూపానికీ, రెండు ఆప్షన్లూ కలిసి వచ్చిన సందర్భానికీ పరీక్షలు అడగాలి. చివరిదానిలో ఏది నెగ్గుతుందో మాన్యువల్ పేజీలో ఒక వాక్యం ఉండాలి. ఆమోదం నొక్కే ముందు ఆప్షన్ల జాబితాను మరోసారి తెరిచి చూస్తే, అందులో రీడింగు వ్యవధిని మార్చే '--రెండుగంటలు' అనేది ముందే ఉంటే, దాన్ని '--రెం' అని కురచగా రాసుకున్న స్క్రిప్టు ఎక్కడో ఒక శివారులో ఉండే అవకాశం ఉంది. కొత్త ఆప్షన్‌కు వేరే అక్షరంతో మొదలయ్యే పేరు వెతకమని చెప్పాలి.